టో బార్ తీయకుండా ఇంజిన్ స్టార్ట్ చేశాను: 135 రోజుల నా అనుభవం

ఏప్రిల్ 9 పొద్దున 7 గంటల 10 నిమిషాలకి, ముక్కు చక్రానికి టో బార్ (విమానాన్ని చేత్తో లాగే కడ్డీ) తగిలించి ఉండగానే, నేను శిక్షణ విమానం ఇంజిన్ స్టార్ట్ చేశాను. ఆ విమానం మళ్లీ గాల్లోకి లేచింది ఆగస్టు 22న. లెక్కేస్తే 135 రోజులు. ఈ మధ్యలో ఏం జరుగుతుందో, ఎవరు వచ్చి ఏం అడుగుతారో, డబ్బు ఎవరి జేబులోంచి పోతుందో నాకు ముందు ఏమీ తెలియదు. వెతికితే దొరికినవన్నీ "ఇలా చేయకండి" అనే జాగ్రత్తలే. చేసేశాక ఏమవుతుందో చెప్పినవాళ్లు పెద్దగా కనబడలేదు, అందుకే రాస్తున్నాను.

అప్పటికి నా లాగ్‌బుక్‌లో 38 గంటలు ఉన్నాయి, అందులో సోలో (ఒక్కదాన్నే నడిపినవి) నాలుగున్నర. 12వ తేదీన మొదటి సోలో క్రాస్ కంట్రీ, అంటే దూర ప్రయాణం. 9న మాత్రం ఊరికే సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ తిరిగి దిగడం), నేనొక్కదాన్నే. విమానం పాత సెస్నా 172, లైకమింగ్ ఓ-320 ఇంజిన్.

ఎక్కేముందు చుట్టూ తిరిగి చేసే తనిఖీ బాగానే చేశాను. గొప్పకి చెప్పడం లేదు, తర్వాత ఎవరికి చెప్పినా "చూసుకోలేదా?" అనే అడిగారు కాబట్టి చెబుతున్నా. ఇంధనం డ్రెయిన్ చేసి నీళ్లున్నాయా అని చూశాను, ఆయిల్ చూశాను, వేగం కొలిచే పిటో గొట్టం కవర్ తీశాను, కట్టిన తాళ్లు విప్పాను, ప్రొపెల్లర్ అంచుల వెంబడి వేలితో తడిమి గాట్లున్నాయా అని చూశాను. అంతా అయిపోయి ఎక్కబోతుంటే ఇంధనం బండి అతను వచ్చి, పక్క విమానానికి పైపు అందడం లేదు, మీదాన్ని కొంచెం ముందుకి లాగుదామా అన్నాడు. సరేనని సామాన్ల అరలోంచి టో బార్ తీసి తగిలించాను. అతను రెక్క ఊతకర్ర పట్టుకుని తోశాడు, నేను లాగాను, ఒక ఆరడుగులు జరిపాం. అతను వెళ్లిపోయాడు. నేను ప్రధాన చక్రం కదలకుండా మళ్లీ చోక్ పెట్టి, బార్ పిడి నేలమీద పెట్టి నిలబడ్డాను. తీద్దామని వంగబోతుంటే ఫోన్ మోగింది.

ఇన్‌స్ట్రక్టర్ సర్. "గాలి పెరిగేలా ఉంది, ఎనిమిదికల్లా దిగెయ్" అన్నారు. అంతే, పది సెకన్ల మాట. కానీ నేను మాట్లాడుతూనే వెనక్కి నడిచాను, మాట్లాడుతూనే చోక్ తీశాను, ఫోన్ పెట్టేసేసరికి ఎడమ తలుపు దగ్గరున్నాను. తలుపు దగ్గరుంటే చెయ్యి దానంతటదే హ్యాండిల్ మీదకి పోతుంది కదా, ఎక్కేశాను. చెక్‌లిస్ట్‌లో మొదటి గడి "బయటి తనిఖీ: పూర్తి". పూర్తే మరి. టిక్ పెట్టాను. 172లో సీట్లో కూర్చుంటే ముక్కు చక్రం కనబడదు, ముందంతా ఇంజిన్ మూత అడ్డం. బార్ అక్కడే పడుకుని ఉన్నట్టు లోపలి నుంచి తెలిసే మార్గమే లేదు.

ఆశ్చర్యం ఏంటంటే స్టార్ట్ చేసినప్పుడు ఏమీ కాలేదు. ఇంజిన్ మామూలుగానే అందుకుంది, నిమిషానికి 1000 చుట్లు దగ్గర పెట్టాను, ఆయిల్ ప్రెషర్ పచ్చ గీతలోకి వచ్చింది, రేడియోలో ట్యాక్సీకి (రన్‌వే దాకా నేలమీద నడపడానికి) అనుమతి అడిగాను, ఇచ్చారు. నిమిషంన్నర పైనే అయ్యుంటుంది. ఆ సేపంతా బార్ ప్రొపెల్లర్ కింద నేలమీద బుద్ధిగా పడుకునే ఉంది. బ్రేకు వదిలాను, విమానం నాలుగైదు అడుగులు కదిలింది. బార్ పిడి వెళ్లి కాంక్రీటు పలకల మధ్య సందులో ఇరుక్కుంది. విమానం ముందుకి పోతోంది, పిడి పోనంటోంది, దాంతో బార్ పైకి లేచింది. ఇది నాకు తర్వాత మెకానిక్ నేలమీద గీత చూపించి చెప్పారు. ఆ క్షణంలో నాకు తెలిసింది చప్పుడొక్కటే, ఇనప తలుపు మీద సుత్తితో ఒక్కటి వేసినట్టు. ఏదో నల్లగా ఎడమవైపు ఎగిరిపోయింది. వెంటనే విమానం మొత్తం ఊగడం మొదలైంది, ముందున్న మీటర్లలో అంకెలు చదవలేనంతగా. మిక్స్చర్ లాగేసి ఇంజిన్ ఆపేశాను.

ఇంటికెళ్లాక కూర్చుని లెక్క కట్టాను. ఆ ప్రొపెల్లర్ 75 అంగుళాలు. నిమిషానికి 1000 చుట్లంటే కొస సెకనుకి దాదాపు 100 మీటర్లు పోతుంది. ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడే అంత.

ఒక నిజం చెప్పాలి. ఇంజిన్ ఆగాక నాకొచ్చిన మొదటి ఆలోచన "ఎవరైనా చూశారా" అని. దాని తర్వాతే ఇంధనం బండి అతను గుర్తొచ్చాడు. గుండె జారిపోయింది. తల తిప్పి చూస్తే అతను కుడివైపు, పైపు చేత్తో పట్టుకుని, నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. బార్ ఎడమవైపు పోయింది. ఈ కుడీ ఎడమా నాకు ఇప్పటికీ నిద్రలోకి వస్తుంటుంది.

రేడియోలో ట్యాక్సీ రద్దు చేసుకుంటున్నానని చెప్పాను, గొంతు నాది కానట్టుంది. తాళంచెవి తిప్పి, తీసి, డ్యాష్ మీద అందరికీ కనబడేలా పెట్టాను, మాస్టర్ స్విచ్ ఆపాను. దిగి ముందుకొచ్చి చూస్తే ఒక బ్లేడు కొస దగ్గర బొటనవేలు పట్టేంత ముక్క లేదు. రెండో బ్లేడు కొస గోరు వెనక్కి విరుచుకున్నట్టు మడతపడింది. నేనేదో మత్తులో ఉన్నట్టు చెయ్యి చాచి దాన్ని ముట్టుకోబోయాను. వెనకనుంచి "చెయ్యి పెట్టకమ్మా!" అని పెద్ద కేక. హ్యాంగర్‌లోంచి మెకానిక్ పరుగెత్తుకొస్తున్నారు, పెద్దాయన, ఆయన పరుగెత్తడం నేనదే మొదటిసారి చూడటం. దెబ్బ తిన్న ఇంజిన్‌లో మాగ్నెటో (స్పార్క్ పుట్టించే భాగం) ఏ స్థితిలో ఉందో తెలియదు, తాళంచెవి తీసినా స్పార్క్ రావొచ్చు, కాస్త తిప్పితే చాలు సిలిండర్ అందుకోవచ్చు. అంటే ఒక ప్రమాదం అయిన రెండు నిమిషాలకి రెండోది చేయబోయానన్నమాట. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి, కొట్టిన ప్రొపెల్లర్‌ని ఎవరూ ముట్టుకోకూడదు, అందర్నీ దూరంగా నిలబెట్టాలి.

తర్వాతి గంట చాలా వేగంగా గడిచింది. ఫోటోలు తీశారు, టాకోమీటర్‌లో ఇంజిన్ గంటలు చూసి రాసుకున్నారు, చక్రాలు ఎక్కడున్నాయో బార్ ఎక్కడ పడిందో సుద్దతో గీశారు. బార్ కొడవలిలా వంగిపోయి ఉంది. నన్ను ఒక గదిలో కూర్చోబెట్టి బ్రెత్ టెస్ట్ చేశారు. అవమానంగా అనిపించింది కానీ ఎవరైనా చేయించుకోవాల్సిందేనట. ఎనిమిదిన్నరకి తెల్ల కాగితం ఇచ్చి జరిగింది రాయమన్నారు.

మూడుసార్లు రాశాను. మొదటిసారి "విమానం జరిపిన తర్వాత టో బార్ తీయడం జరగలేదు" అని రాశాను. సేఫ్టీ చూసే మేడమ్ చదివి, పెన్నుతో ఆ ఒక్క ముక్క కింద గీత గీసి, "ఎవరు తీయలేదు?" అన్నారు. కోపంగా ఏం కాదు, మామూలుగానే. రెండోసారి ఫోన్ గురించి, ఇంధనం బండి గురించి ముందు రాసి, బార్ గురించి చివర్న రాశాను. అదీ వెనక్కిచ్చారు. మూడోసారి, "బార్ నేను తగిలించాను, నేను తీయలేదు, చూడకుండా స్టార్ట్ చేశాను" అని మొదలుపెట్టి, ఫోన్ సంగతి రెండో పేరాలో రాశాను. అది తీసుకున్నారు. రాసేటప్పుడు చెయ్యి వణికింది గానీ రాసేశాక మాత్రం కడుపులో ఉన్నదేదో బయటికి పోయినట్టు కొంచెం తేలికైంది.

మీరూ ఇలాంటి స్థితిలో ఉంటే ముందు ఆ పూటే, ఆ గంటలోనే మీ సొంతానికి ఒక కాగితం మీద నిమిషాల వారీగా రాసిపెట్టుకోండి. ఎనిమిది రోజుల తర్వాత బీమా సర్వేయర్ అడిగినప్పుడు నాకు చోక్ ముందు తీశానా ఫోన్ ముందు వచ్చిందా అన్నది తడబడింది. కాగితం ఉండబట్టి సరిపోయింది.

నేను దాన్ని "యాక్సిడెంట్" అంటూనే ఉన్నాను, అందరూ "ఇన్సిడెంట్" అంటున్నారు. నన్ను ఓదార్చడానికి అలా అంటున్నారనుకున్నా. అది కాదట. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ వాళ్ల అనెక్స్ 13లో యాక్సిడెంట్‌కి నిర్వచనం ఉంది, మనుషులకి ఏమీ కాకుండా నష్టం ఒక ఇంజిన్‌కో, ప్రొపెల్లర్‌కో, రెక్క కొసలకో, టైర్లకో, బ్రేకులకో పరిమితమైతే అది ఆ లెక్కలోకి రాదు. కాగితం మీద చిన్న సంగతే అన్నమాట. రిపోర్ట్ మాత్రం వెళ్లింది, వెళ్లాల్సిందే. ఎవరికి, ఎన్ని గంటల్లో అన్నది మీరున్న దేశపు నియమాల్లో చూసుకోవాలి, మా స్కూల్ వాళ్లు ఆ మధ్యాహ్నమే పంపేశారు.

10వ తేదీన మీటింగ్, పదిహేను నిమిషాలు. నా ఫ్లయింగ్ మొత్తం ఆపేశారు, ఎప్పటిదాకా అంటే "చెబుతాం" అన్నారు. 12న వెళ్లాల్సిన క్రాస్ కంట్రీ ఎలాగూ పోయింది. ఆ రోజు నేను గీసుకున్న మ్యాపు, గాలి లెక్కలు అన్నీ బల్ల మీదే ఉన్నాయి, ఎందుకో తీయబుద్ధి కాలేదు.

17 దాకా విమానాన్ని ఎవరూ ముట్టుకోలేదు. బీమా సర్వేయర్ చూసేదాకా ముట్టుకోకూడదట. హ్యాంగర్ మూల తాడు కట్టి నిలబెట్టారు, క్లాసుకి వెళ్లాలంటే దాని ముందు నుంచే వెళ్లాలి. ఆ ఎనిమిది రోజులు నాకు అన్నిటికన్నా కష్టం. ఆ విమానం బుక్ చేసుకున్న మిగతా స్టూడెంట్లవి పది పన్నెండు స్లాట్లు రద్దయ్యాయి, వాళ్ల మొహం చూడటానికి మొహం చెల్లలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఒకడు మాత్రం వాట్సాప్ గ్రూపులో టో బార్ ఫోటో పెట్టి నవ్వు బొమ్మ పెట్టాడు, అర్ధగంటలో తీసేశాడు. నేను చూసేశాను.

సర్వేయర్ వచ్చి నలభై నిమిషాలు ఉన్నాడు. లైసెన్స్, మెడికల్, లాగ్‌బుక్, గత 90 రోజుల్లో ఎన్ని ల్యాండింగులు, ఈ రకం విమానం మీద ఎన్ని గంటలు, అన్నీ అడిగాడు. నేను ఊహించని ప్రశ్న ఒకటి అడిగాడు, "విమానం జరపమని మీకు ఎవరు చెప్పారు?" అని. ఇంధనం బండి అతని మీదకి పోతుందేమోనని భయం వేసింది. అడిగింది అతనే, తగిలించింది నేను, తీయాల్సింది నేను అని చెప్పాను. రాసుకున్నాడు. అంతే.

21న ప్రొపెల్లర్ విప్పారు. నన్ను చూడనిచ్చారు. పెద్దాయన స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేసి, క్రాంక్‌షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ని తిప్పే ఇరుసు) ముందున్న ఫ్లాంజ్ అంచుకి డయల్ గేజ్ సూది ఆనించి, షాఫ్ట్‌ని మెల్లగా, చాలా మెల్లగా తిప్పారు. నేను సూది వైపే చూస్తూ ఊపిరి బిగబట్టాను. ఒక చుట్టు పూర్తయ్యేసరికి సూది అంగుళంలో వెయ్యో వంతులు రెండు కూడా కదల్లేదు. "అయితే ఇంజిన్ బానే ఉన్నట్టేగా?" అన్నాను. ఆయన గేజ్ తుడిచి పెట్టెలో పెట్టుకుంటూ, "ఫ్లాంజ్ వంగలేదని చెప్పింది సూది. వెనకున్న పళ్లచక్రం సంగతి దానికేం తెలుసమ్మా" అన్నారు.

నాకు పెద్ద దెబ్బ ఇక్కడే తగిలింది. ప్రొపెల్లర్ మారిస్తే అయిపోతుందనుకున్నాను నేను. లైకమింగ్ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర ఒక గేర్ ఉంటుంది, దాన్ని ఒక బోల్టూ ఒక చిన్న డోవెల్ పిన్నూ పట్టి ఉంచుతాయి. కామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే ఇరుసు) తిరగాలన్నా మాగ్నెటోలు తిరగాలన్నా ఆయిల్ పంపు తిరగాలన్నా ఆ గేరే. ప్రొపెల్లర్ దేన్నైనా కొడితే ఆ కుదుపు అక్కడిదాకా వెళుతుంది. డోవెల్ సగం తెగి ఉన్నా ఇంజిన్ నేలమీద చక్కగా తిరుగుతుంది, ఎప్పుడో గాల్లో ఉన్నట్టుండి ఆగిపోతుంది. అందుకే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ వాళ్ల 2004-10-14 నంబరు ఎయిర్‌వర్దినెస్ డైరెక్టివ్ (తప్పనిసరి భద్రతా ఆదేశం) ప్రకారం ప్రొపెల్లర్ స్ట్రయిక్ అయ్యాక ఆ గేర్‌ని విప్పి చూడకుండా మళ్లీ ఎగరకూడదు. లైకమింగ్ సర్వీస్ బులెటిన్ 533 అయితే ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు తగిలినా సరే, బ్లేడుకి చిన్న సానపట్టుడు మించి రిపేరు అవసరమైతే దాన్ని స్ట్రయిక్ కిందే చూస్తుంది. అంటే హ్యాంగర్‌లో తోస్తూ తలుపుకి గట్టిగా తగిలించినా ఇదే తంతు కావొచ్చు. నాకు 38 గంటల శిక్షణలో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మే 5న ప్రొపెల్లర్ షాపు నుంచి జవాబు వచ్చింది, రెండో బ్లేడు వంపు రిపేరుకి ఒప్పుకునే హద్దు దాటింది, పనికిరాదు. మే 6న ఇంజిన్‌ని చెక్క పెట్టెలో పెట్టి పంపించారు. ముక్కు లేకుండా ఆ విమానం ఎంత చిన్నగా కనబడిందో.

జూన్ 30న ఇంజిన్ రిపోర్ట్. షాఫ్ట్‌కి అయస్కాంత పరీక్ష చేశారు, పగుళ్లు లేవు. డోవెల్ బాగానే ఉంది. బోల్టూ లాక్ ప్లేటూ ఎలాగూ కొత్తవి వేయాల్సిందే. అంత విప్పి చూస్తే ఏమీ లేదు! చావు తప్పి కన్ను లొట్టపోవడమంటే ఇదే అనుకున్నా. కానీ అప్పుడింకో మెలిక. ఆ ఇంజిన్ అప్పటికే 1460 గంటలు తిరిగింది, దాని ఓవర్‌హాల్ (మొత్తం విప్పి కొత్తగా బిగించే పని) గడువు 2000. బీమా వాళ్లు విప్పి, చూసి, బిగించిన ఖర్చు ఇస్తారు, దెబ్బ తిన్న భాగాలకి ఇస్తారు. వాడకంలో అరిగిపోయిన వాటికి పైసా ఇవ్వరు. విప్పినప్పుడు లోపల అరుగుదల కనబడింది. స్కూల్ ఓనర్ గారు ఎలాగూ విప్పాం కదా, మొత్తం ఓవర్‌హాల్ చేయిద్దాం, తేడా నేను పెట్టుకుంటాను అన్నారు. మంచి నిర్ణయమే, ఆయన డబ్బు, ఆయన ఇంజిన్. కాకపోతే దానివల్ల ఇంకో ఆరు వారాలు పెరిగింది. ఆ ఆరు వారాలు నా ఖాతాలో పడబోయాయి, అది కింద చెబుతా.

డబ్బు సంగతి. అంకెలు దేశానికో రకంగా ఉంటాయి కాబట్టి ఫ్లయింగ్ గంటల్లో చెబుతాను, మనందరికీ అర్థమయ్యే నాణెం అదే. స్కూల్లో చేరినప్పుడు సంతకం పెట్టిన ఒప్పందం ఉంటుంది కదా, చదవకుండా పెడతాం కదా, దాంట్లో నాలుగో పేజీలో రెండు విషయాలు ఉన్నాయి. ఒకటి, స్టూడెంట్ పొరపాటు వల్ల నష్టం జరిగితే బీమాలో ఓనర్ భరించాల్సిన మొదటి మొత్తం స్టూడెంట్ కట్టాలి. అది ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరే 11 గంటల ఖర్చుకి సమానం. రెండు, విమానం నిలబడిపోయిన రోజులకి పరిహారం. బీమా ఆదాయ నష్టాన్ని ఇవ్వదు కాబట్టి దాన్ని స్టూడెంట్ నుంచి అడుగుతారు. మొదట 12 గంటల ఖర్చు అడిగారు. నేను మూడు రోజులు ఆలోచించి, ఓవర్‌హాల్‌కి పట్టిన కాలం నా వల్ల కాదు కదా, తనిఖీ పూర్తయ్యేదాకానే లెక్కపెట్టండి అని మెయిల్ పెట్టాను. తిడతారనుకున్నా. రెండు రోజుల్లో ఒప్పుకుని 6కి తగ్గించారు. అడగకపోతే కట్టేసేదాన్ని. మళ్లీ శిక్షణకి 3 గంటలు. మొత్తం 20 గంటలు, నాలుగు వాయిదాల్లో. నేను అప్పటిదాకా ఎగిరిందే 38.

అద్దె విమానం నడిపేవాళ్లకి విడిగా బీమా ఉంటుందని, అది ఇలాంటి మొదటి మొత్తాన్ని కూడా చూసుకునే రకాలు ఉన్నాయని నాకు ఆ వారమే తెలిసింది. ఇప్పుడు తీసుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కానీ ఇంకా కాల్చుకోవడానికి చేతులు ఉన్నాయిగా.

ఈ నెలల్లో నాకు నిజంగా సాయపడింది ఎదుటివాళ్ల కథలు. మొదటి రెండు వారాలు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఒక్కొక్కరే పక్కకి పిలిచి మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు. మా సర్ తన స్టూడెంట్ రోజుల్లో విమానాన్ని ఒక్కడే హ్యాంగర్‌లోకి తోస్తూ ఎడమ కొస చూసుకుంటుంటే కుడి కొస తలుపుకి తగిలి దీపం పగిలిందట. 172 రెక్కల పొడవు 11 మీటర్లు, రెండు కొసలూ ఒక్క మనిషికి ఒకేసారి కనబడవు. ఇంకొకరు తోక తాడు విప్పకుండా కదలడం లేదేంటని థ్రాటిల్ పెంచుతూ పోయారట. మరొకరు లాగుడు బండితో మలుపు తిప్పుతూ ముక్కు చక్రాన్ని 30 డిగ్రీల హద్దు దాటించి లోపలి స్టాపులు విరగ్గొట్టారు, అది తర్వాతి తనిఖీలో గానీ బయటపడలేదు. వెనక్కి తిప్పడానికి తోక మీద ఎక్కడపడితే అక్కడ నొక్కి తోకలో కదిలే ఎలివేటర్ రేకు సొట్ట పెట్టినవాళ్లు మా బ్యాచ్‌లోనే ఇద్దరున్నారట! నొక్కాల్సింది స్టెబిలైజర్‌కి (తోకలోని అడ్డ రెక్కకి) ముందు, వెనక శరీరం మీద. ఇవన్నీ ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నాయో. నేను గనక ఏప్రిల్ 8న ఇందులో ఒక్క కథ విని ఉంటే ఏమైనా మారేదా? ఏమో, చెప్పలేను.

మే 19న మళ్లీ శిక్షణ మొదలైంది, వేరే విమానం మీద. రెండు పూటలు క్లాసు, రెండు గంటలు సర్‌తో, చివర ఒక గంట చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌తో చెక్. శిక్ష అనుకుని వెళ్లాను, నిజానికి నాకు బాగా పనికొచ్చింది. గాలి వీస్తున్నప్పుడు నేలమీద ట్యాక్సీ చేయడం నాకు అసలు రాదని అప్పుడే తెలిసింది. ఎదురుగా ఓరగా గాలి వస్తే చేతి చక్రం గాలి వైపు తిప్పాలి. వెనక నుంచి ఓరగా వస్తే గాలికి దూరంగా తిప్పి, ముందుకి నొక్కి పట్టాలి. పై రెక్క విమానానికి ఆ రెండోదే ప్రమాదం, తోకనీ రెక్కనీ కలిపి లేపేస్తుంది. పుస్తకంలో చదివి పరీక్షలో సరిగ్గానే రాశాను. రాంప్ (విమానాలు నిలిపే చోటు) మీద మలుపు తిరిగిన ప్రతిసారీ సర్ "ఇప్పుడు గాలి ఎక్కడ?" అని అడుగుతుంటే మాత్రం మొదటి అర్ధగంట సగం తప్పులే.

మే 23న చెక్. బయటి తనిఖీ అయ్యాక విమానాన్ని కొంచెం జరపమన్నారు చీఫ్. బార్ తగిలించి లాగాను. సరిగ్గా నా చెయ్యి పిడి మీద ఉండగా ఆఫీసు నుంచి ఒకాయన కాగితం పట్టుకుని పరుగున వచ్చి, "ఒక్క సంతకం మేడమ్, అర్జెంట్" అన్నాడు. నా చెవులు వేడెక్కాయి. "ఒక్క నిమిషం ఆగండి" అన్నాను. బార్ విప్పి, తీసుకెళ్లి సామాన్ల అరలో పెట్టి, తలుపు మూసి, అప్పుడు సంతకం పెట్టాను. తర్వాత ముక్కు దగ్గర నుంచి చుట్టూ తిరిగి మళ్లీ మొదలుపెట్టాను. ఇరవై అడుగుల దూరంలో చీఫ్ ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడి ఉన్నారు. అతన్ని పంపింది ఆయనేనని సాయంత్రానికి గానీ తెలియలేదు, ఆ కాగితం ఖాళీదట. ఆ రోజే సోలో తిరిగి ఇచ్చారు. 44 రోజులైంది.

స్కూల్లో ఇప్పుడు కొత్త నియమం, బార్ మీద నుంచి చెయ్యి తీశావంటే బార్ కూడా తీయాలి. నేలమీద పెట్టడం అనేదే లేదు, చేతిలో ఉండాలి లేదా అరలో ఉండాలి. బార్లన్నిటికీ ఎర్ర రిబ్బన్లు కట్టారు. రిబ్బన్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, సీట్లోంచి రిబ్బనూ కనబడదు. చెయ్యి నియమం మాత్రం పనిచేస్తోంది. నేను దానికి నాది ఒకటి కలుపుకున్నాను, తలుపు హ్యాండిల్ పట్టుకునే ముందు ముక్కు ముందుకి నడిచి వెళ్లి, రెండు రెక్కల కొసలూ, ముక్కు చక్రమూ ఒకే చూపులో చూసి వస్తాను. పదిహేను సెకన్లు. ఫోన్ బ్యాగులో ఉంటుంది, ఆపేసి.

ఆగస్టు 14న ఇంజిన్ తిరిగొచ్చింది, 22న టెస్ట్ ఫ్లయిట్. నేను వెళ్లి దూరం నుంచి చూశాను. వెంటనే మా స్టూడెంట్లకి ఇచ్చేస్తారనుకుంటే అదీ లేదు. ఓవర్‌హాల్ అయిన ఇంజిన్‌కి కొత్త రింగులు కుదురుకోవాలి, మినరల్ ఆయిల్ పోసి, 65 నుంచి 75 శాతం పవర్ మీద, ఆయిల్ ఖర్చు నిలకడగా అయ్యేదాకా, ఏ 50 గంటలో నడపాలి. సర్క్యూట్లు, నెమ్మది ఫ్లయింగ్ అప్పుడు వద్దంటారు. అంటే క్రాస్ కంట్రీలే. స్టూడెంట్లకి కావాల్సింది ఎక్కువగా సర్క్యూట్లు. కాబట్టి విమానం వచ్చినా స్లాట్ల కొరత ఇంకా తీరలేదు. ఆ 135కి ఇంకొన్ని వారాలు కలుపుకోవాలి, ఎవరూ లెక్క వేయనివి.

సెప్టెంబర్ 4న బీమా వాళ్ల ఉత్తరం వచ్చింది, ఫైలు మూసేశారు. నా చివరి వాయిదా అక్టోబర్‌లో. కొత్త బీమా ఫారంలో "గతంలో యాక్సిడెంట్ గానీ ఇన్సిడెంట్ గానీ ఉందా" అనే గడి ఉంది, ముందు ముందు ఉద్యోగాల ఫారాల్లో కూడా ఉంటుందట. ఉంది అని టిక్ పెట్టి, పక్కన ఇచ్చిన రెండు లైన్లలో రాశాను: "ఏప్రిల్ 9. టో బార్ నేను తీయలేదు. ప్రొపెల్లర్ దెబ్బతింది, ఎవరికీ గాయాలు లేవు." మూడు వాక్యాలు సరిగ్గా పట్టాయి.